మొదటి గడిలో టిక్కు

మా అమ్మమ్మ సైమా హౌతమాకి ఎవరినీ నమ్మదు. కో-ఆప్ దుకాణంలో కొన్న కాఫీ పొడిని ఇంటికి తెచ్చి మళ్ళీ తూకం వేస్తుంది. రేడియోలో ఆరంగుళాల మంచు పడుతుందని చెబితే స్కేలు పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. ఆదివారం పాస్టరు గారు రాలేదు, జలుబట అని ఎవరైనా అంటే, "ఎవరు చూశారు?" అంటుంది. నేను పళ్ళు తోముకున్నానంటే బ్రష్షు తడిగా ఉందో లేదో ముట్టుకుని చూసేది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు.

ఈ గుణం ఆమెకు పుట్టుకతో వచ్చిందో ఉద్యోగంతో వచ్చిందో చెప్పలేను. ముప్పై ఒక్క ఏళ్ళుగా కొండ మీది ఆసుపత్రికి మెడికల్ కోడింగ్ చేస్తోంది. అంటే మంచం మీదున్న మనిషి గురించి డాక్టరు రాసింది, నర్సు రాసింది, ల్యాబు రాసింది అంతా చదివి, బిల్లు కోసం ఒక్కో జబ్బుకీ దానికి కేటాయించిన సంఖ్య వెయ్యాలి. వినడానికి తేలికే. కానీ అందులో ఒక కట్టుబాటు ఉంది. డాక్టరు రాయనిది కోడరు రాయకూడదు. ఎక్స్‌రే గగ్గోలు పెడుతున్నా, ల్యాబు చీటీ నెత్తి బాదుకుంటున్నా, డాక్టరు ఒక మాట రాస్తే తప్ప ఆ జబ్బు లేనట్టే. మహా అయితే డాక్టరును అడగొచ్చు. ఆ అడగడాన్ని క్వెరీ అంటారు. అందులోనూ "ఇది చీము పట్టినట్టే కదండీ?" అని నోట్లో మాట పెట్టకూడదు. కనిపించిన ఆధారాలు వరసగా రాసి, కింద నాలుగైదు గడులు గీసి, మీ వైద్యజ్ఞానం ప్రకారం ఏదో ఒకటి టిక్కు పెట్టండని వినయంగా డాక్టరు ఫోనుకు పంపాలి.

ఇదంతా నాకు సగం తెలుసు. ఎందుకు సగమంటే, అమ్మమ్మ పోరు పడలేక ఏడాదిన్నర ఆ కోర్సు చదివాను. ఎముకలు దాటాను, గుండె దాటాను, ఊపిరితిత్తుల దగ్గర పరీక్ష తప్పాను. మళ్ళీ రాయమంది. రాయలేదు. అదే ఆసుపత్రి వంటగదిలో చేరి రోగులకు భోజనం ట్రేలు మోస్తున్నాను. "మన ఇంట్లో ఇద్దరం ఆసుపత్రి ఉద్యోగులమే" అని నేనంటే అమ్మమ్మ జవాబు చెప్పదు. కాఫీ కప్పు కాస్త గట్టిగా పెడుతుంది.

ఆమె ఆఫీసు మా నేలమాళిగలో, ఆవిరి స్నానం చేసే సౌనా గదికి ఆనుకుని బట్టలు మార్చుకునే గదిలో. కిటికీ లేదు, కాబట్టి కంప్యూటరు తెర ఎవరికీ కనబడదని అక్కడ పెట్టుకుంది. తాళం చెవి మెడలో ఉంటుంది. ఒకటే లోపం. మధ్య గోడ దేవదారు చెక్కది. అటు పక్క తువ్వాళ్ళు మడతపెట్టే మనిషికి ఇటు పక్క మాట వినిపిస్తుంది. పైగా అమ్మమ్మకు ఎడమ చెవి తక్కువ, ఫోను శబ్దం చివరిదాకా పెంచుతుంది. తువ్వాళ్ళు మడతపెట్టడం నాకు మొదటినుంచీ ఇష్టమైన పని.

ఆ ఫిబ్రవరిలో మా ఊళ్ళో మంచు కిటికీల అంచు దాకా వచ్చింది. కౌంటీ, అంటే మా జిల్లా యంత్రాంగం, తరఫున మా వీధి మంచు తోసే బండి తోలేది రూడీ కెస్తిలా. అరవై రెండేళ్ళు, పెళ్ళి లేదు, ఒక చెల్లెలు దూరాన ఉంది. అతనికీ అమ్మమ్మకీ పందొమ్మిదేళ్ళుగా యుద్ధం. అతను బండితో వీధి శుభ్రం చేసి ఆ మంచంతా మా వాకిలి మూతిలో గోడ కడతాడు. అమ్మమ్మ దాని ఎత్తు కొలిచి, తేదీ వేసి, కౌంటీకి ఉత్తరం రాస్తుంది.

"నీ వాకిట్లో వెయ్యక నా జేబులో పెట్టుకోనా సైమా?" అంటాడు అతను కో-ఆప్‌లో ఎదురుపడితే.

"పక్కింటి వాకిట్లో పద్నాలుగు అంగుళాలు, నా వాకిట్లో ఇరవై రెండు. ఎందుకో చెప్పు" అంటుంది ఆమె.

"నువ్వు కొలుస్తావని."

ఆ నెలలో ఒక శుక్రవారం నుంచి మా వాకిట్లో గోడ లేదు. ఎవరో వేరే డ్రైవరు బ్లేడు ఎత్తి మర్యాదగా పోతున్నాడు. అమ్మమ్మ సంతోషించలేదు. కిటికీ తెర కొద్దిగా జరిపి, "వాడేదో పన్నుతున్నాడు" అంది.

ఏమీ పన్నడం లేదు. శనివారం నా ట్రేల జాబితాలో ఆరో నంబరు గది ఎదురుగా అతని పేరుంది. న్యుమోనియా. నేను ఇంట్లో చెప్పలేదు. రోగి పేరు బయట ఎత్తితే ఉద్యోగం ఊడుతుందని మా వంటగది గోడ మీదే రాసి ఉంటుంది.

సోమవారం అతని కుడి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిలోంచి డాక్టరు సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపాడు. అదే ఆ డాక్టరుకు చివరి రోజు. మా ఆసుపత్రిలో డాక్టర్లు వారం ఉంటారు, వారం పోతారు. మంగళవారం పొద్దున డాక్టర్ ప్రిచెట్ వచ్చాడు. కుర్రవాడు, పొడుగు, ఎప్పుడూ నడుస్తూనే మాట్లాడతాడు. శరదృతువు నుంచి వారం విడిచి వారం వస్తున్నాడు.

మంగళవారం నేను ట్రే తీసుకెళ్ళేసరికి రూడీ కుడి పక్కకు ఒరిగి, చెయ్యి డొక్క మీద అదిమి పెట్టుకుని పడుకున్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది.

"మీ అమ్మమ్మ పంపిందా? ఏం కలిపింది ఇందులో?" అన్నాడు ఓట్స్ గిన్నె చూసి.

"ఆమెకి నువ్విక్కడున్నట్టే తెలీదు."

"తెలియకేం. కొలవడానికి మంచు లేక సగం చచ్చుంటుంది ఈపాటికి." నవ్వబోయి ఆగిపోయాడు. నవ్వితే నొప్పి. "ట్రే తీసుకుపో పిల్లా. నర్సు చూడకముందే."

"నిన్న రాత్రి కూడా తినలేదు నువ్వు."

"గురువారం మధ్యాహ్నం ఇంటికి పంపిస్తామన్నారు. ఇంట్లో తింటాను. నువ్వు నోరెత్తకు."

ఆ సాయంత్రం అమ్మమ్మ మాళిగలోంచి పైకి వచ్చిన తీరు చూసి నాకు అర్థమైంది, ఆ చార్టు ఆమె చేతిలో పడిందని. కడిగిన గ్లాసునే మూడుసార్లు కడిగింది. నేను ఆగలేక, "అమ్మమ్మా, వంటగదిలో ఒక ట్రే..." అన్నాను.

చెయ్యెత్తింది. "వద్దు. నీ నోట రోగి మాట రాకూడదు."

"పేరు చెప్పలేదుగా."

"పేరు చెప్పకపోయినా నాకు తెలియకూడదు. నాకు కాగితం మీదున్నది చాలు."

తలుపు దగ్గరున్న గుడ్ల అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "మూత మీద రాసింది చదువు. పైకి, మొత్తం."

"నాకు చదువు రాదని నువ్వే అన్నావుగా."

"చదవవే."

చదివాను. కోళ్ళ ఫారం పేరు, తేదీ, ఎలా నిలవ చెయ్యాలి, పచ్చివి తినకండి. ఆమె వాచీ చూస్తూ నిలబడింది.

"యాభై రెండు సెకన్లు" అంది. "గుడ్ల పెట్టెకి. ఒక పేజీ నిండా ల్యాబు అంకెలుండి, అడుగున అయిదు గడులుంటే, నలభై సెకన్లలో చదివి జవాబిచ్చే డాక్టరు ఉంటాడా?"

"చాలా తెలివైన డాక్టరేమో."

"లేదా చదవని డాక్టరు."

జరిగిందేమిటో ఆ రాత్రి ఆమె చెప్పిన దాన్నిబట్టీ, చెప్పకుండా దాచిన దాన్నిబట్టీ కలుపుకున్నాను. మంగళవారం పదింటికి ఆ నీటి పరీక్ష ఫలితం వచ్చింది. అందులో చక్కెర బాగా పడిపోయింది, ఆమ్లం పెరిగింది. అలాంటి నీరు చీముగా మారే దారిలో ఉంటుంది. ఊరికే మందులిచ్చి పంపితే సరిపోదు, గొట్టం వేసి తియ్యాలి. ఊపిరితిత్తుల పాఠంలో నాకు గుర్తున్నది ఆ ఒక్క ముక్కే. ఆ పరీక్ష చేయించిన డాక్టరు వెళ్ళిపోయాడు. వచ్చిన డాక్టరు సోమవారం నోటునే నకలు తీసి మంగళవారానికి అతికించాడు: కొద్దిగా నీరు, తగ్గుతోంది, గురువారం ఇంటికి. అమ్మమ్మ క్వెరీ పంపింది. ఇది న్యుమోనియా వల్ల చేరిన మామూలు నీరా, ఇన్ఫెక్షను సోకిన నీరా, చీము పట్టిందా, ఇంకేదైనానా, లేక ఇప్పుడే చెప్పలేరా? నలభై సెకన్లలో మొదటి గడిలో టిక్కు పడింది. మామూలు నీరు.

ఆమె నోటుపుస్తకం తెరిచి పెన్సిలుతో ఏదో గీస్తూ కూర్చుంది. అందులో రోగుల పేర్లుండవు. తేదీ, డాక్టరు, ఏ గడి, ఎన్ని సెకన్లు, అంతే.

"పదకొండు" అంది. "శరత్కాలం నుంచి ఈయనకి పదకొండు పంపాను. పదకొండూ మొదటి గడే."

"పదకొండుసార్లూ మొదటిదే సరైందేమో."

"నువ్వు పరీక్ష తప్పింది ఇందుకే" అంది. తర్వాత పైకి చూస్తూ, "అసలు టిక్కు పెట్టేది ఆయనేనా? ఫోను ఇంకెవరి చేతిలోనైనా ఉందా? లేక తనంతట తనే టిక్కు పెట్టే మాయదారి ఏర్పాటు ఏదైనా చేయించుకున్నాడా?" అంది. ఆ రాత్రి ఆమె అనుమానించకుండా వదిలేసింది నన్నొక్కదాన్నే. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది.

అదే ప్రశ్న మళ్ళీ పంపొచ్చుగా అని అడిగాను. కూడదట. కావలసిన జవాబు వచ్చేదాకా వేధిస్తున్నారని తనిఖీలో తప్పు పడతారు. కొత్త ఆధారం ఏదైనా వస్తేనే మళ్ళీ అడగాలి. వార్డుకు ఫోను చేసి "అయ్యా, ఆ మనిషిని ఒకసారి చూడండి" అనడానికి ఆమె డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఎనిమిది మైళ్ళ దూరంలో సౌనా పక్క గదిలో కూర్చున్న కోడరు. గురువారం మధ్యాహ్నం రూడీ ఇంటికి వెళ్ళిపోతాడు. ఒంటరి ఇల్లు, వీధి చివర, ఫోను ఎత్తడం కూడా ఇష్టం లేని మనిషి. అతని పేరు మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు. మేమిద్దరం అతని గురించే కూర్చున్నాం.

బుధవారం నేను పనికి వెళ్ళి రెండు నిండు ట్రేలు వెనక్కి మోశాను. పదకొండు గంటలకు కొత్త ఆధారం వచ్చింది. ఆ నీటిని కల్చరుకు, అంటే క్రిములు పెరుగుతాయేమో చూడడానికి పెడితే, అందులో అవి మొలిచాయని ల్యాబు చీటీ. అమ్మమ్మ రెండో క్వెరీ రాసింది. ఆధారాలన్నీ పద్ధతిగా పెట్టింది, ఒక్క అక్షరం కూడా ఎటూ మొగ్గలేదు. ఒక్క పని మాత్రం చేసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఫారంలో గడుల వరస మార్చింది. ఎప్పుడూ అట్టడుగున ఉండే "ఇప్పుడే చెప్పలేను" అన్నదాన్ని తెచ్చి అన్నిటికన్నా పైన కూర్చోబెట్టింది.

ముప్పై ఒక్క సెకన్లలో జవాబు వచ్చింది. మొదటి గడి.

నేను ఇంటికి వచ్చేసరికి గోడ అవతల ఫోను మోగుతోంది. తువ్వాళ్ళు పొడిగానే ఉన్నాయి గానీ మళ్ళీ మడత విప్పాను. ఫోనులో డార్సీ, అమ్మమ్మ పైఅధికారి. నగరంలో ప్రధాన కార్యాలయంలో కూర్చుంటుంది. అమ్మమ్మ ఆమెను ఎప్పుడూ చూడలేదు, కాబట్టి ఉందని కూడా పూర్తిగా నమ్మదు.

"సైమా గారూ, మీరు గడుల వరస మార్చారా?"

"మార్చాను."

"ఎందుకండీ?"

"వరస మార్చకూడదని ఏ పేజీలో ఉందో చెప్పండి. పుస్తకం నా ఒళ్ళోనే ఉంది."

"పేజీ సంగతి కాదు. ఫారం ఒకటి ఇచ్చాక అలాగే పంపాలి కదా. డాక్టరు గారికి ఉచ్చు పన్నారంటారు రేపు."

"చదివేవాడికి అది ఉచ్చెలా అవుతుంది?"

అవతల నిట్టూర్పు నాకు కూడా వినబడింది. "దీన్ని మీ ఫైల్లో రాయాల్సి వస్తుంది. తెలుసా మీకు? ఇంకొకటి పడితే మీ కోడింగ్ సర్టిఫికెట్ రద్దయ్యేదాకా పోతుంది."

"రాయండి. తేదీ వేసి రాయండి. కానీ నిన్న మామూలు నీరన్నాడు, ఇవాళ చెప్పలేనన్నాడు. రెండు జవాబులూ ఒకదానికొకటి పొసగకపోతే పెద్ద డాక్టరుకి పంపి తీరాలి. తొమ్మిదో నిబంధన. అది పేజీలో ఉంది."

"రేపు సాయంత్రం మీటింగుంది. అందులో పెడతాను."

"రేపు మధ్యాహ్నానికి ఆ మంచం ఖాళీ అవుతుంది."

అవతల కీబోర్డు మీద చప్పుడు. తర్వాత డార్సీ, "ఇప్పుడే పంపుతున్నాను" అంది. ఆ రెండు మాటలతో అమ్మమ్మ దృష్టిలో డార్సీ మొదటిసారి నిజం మనిషి అయిందనుకుంటాను.

అమ్మమ్మ తలుపు తీసింది. "ఎంతసేపటినుంచి ఉన్నావిక్కడ?"

"ఇప్పుడే వచ్చా."

"పదహారు తువ్వాళ్ళు మడతపెట్టావు."

గురువారం పొద్దున నా పని పదింటికి. ఎనిమిదిన్నరకు మాళిగలో ఫోను మోగింది. బయట మంచు అడ్డంగా కొడుతోంది. నేను సౌనా పొయ్యి దగ్గర బూడిద ఎత్తుతున్నాను. మా ఇంట్లో అంత పనిమంతురాలిని నేనెప్పుడూ కాను.

"సైమా హౌతమాకి గారా? నేను ప్రిచెట్‌ని."

"అని నేనెలా నమ్మను? మీ ఉద్యోగి నంబరు చెప్పండి."

చెప్పాడు. ఆమె కీబోర్డు మీద సరిచూసుకున్న చప్పుడు. "ఊఁ. చెప్పండి."

"పొద్దున్నే పెద్ద డాక్టరు చేత చీవాట్లు తిన్నాను. మీకు ఏం కావాలో నేరుగా చెప్పండమ్మా. ఏం రాయమంటే అది రాసేస్తాను. నాకింకా ఇరవై ఇద్దరు రోగులున్నారు."

"అది నేను చెప్పకూడదు."

"చీము అని రాయమంటారా? రాస్తాను. నీరని రాయమంటారా? అదీ రాస్తాను. గొడవ వదిలిపోతుంది."

గోడ ఇవతల నేను బూడిద చేట అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చాలు. ఆమె "చీము" అంటే అతను రాస్తాడు, కాగితం సరిపోతుంది. కానీ అలా రాసేవాడు మంచం దగ్గరికి వెళ్ళడు. అడిగినది రాసేస్తే పని అయిపోయిందనుకుంటాడు. ఆమెకు అది నాకన్నా ముందే తెలుసు.

"డాక్టరు గారూ" అంది నెమ్మదిగా, "మీరు రాసిందే మీకు చదివి వినిపిస్తాను. అందులో తప్పులేదు. సోమవారం, మీకు ముందున్న డాక్టరు: కుర్చీలో కూర్చున్నాడు, పొద్దున ఆహారం బాగా తిన్నాడు, జ్వరం లేదు. మంగళవారం: కుర్చీలో కూర్చున్నాడు, పొద్దున ఆహారం బాగా తిన్నాడు, జ్వరం లేదు. బుధవారం: కుర్చీలో కూర్చున్నాడు. మిగతాది చదవనా?"

"సరే, పాత నోటే ముందుకు లాగాను. అందరూ చేస్తారు."

"నర్సు రాసింది. మంగళవారం ఆహారం సున్నా, జ్వరం నూట ఒకటి. బుధవారం సున్నా, నూట రెండు. కుర్చీ ఊసే లేదు."

"ఆయన్ని అడిగానమ్మా. తిన్నాననే చెప్పాడు. బాగున్నాను, పంపించమన్నాడు."

"వాడు ఏమైనా చెబుతాడు."

అనేసి టక్కున నోరు మూసుకుంది. నా ఇరవై మూడేళ్ళలో ఆమె నోరు జారడం నేను విన్నది అదొక్కటే.

"ఆయన మీకు తెలుసా?" అన్నాడు డాక్టరు. ఇప్పుడు అనుమానం అటు పక్కకు మారింది.

"నాకు చార్టు తెలుసు."

ఈసారి అతని గొంతు వేరేలా వచ్చింది. నడక ఆపినట్టున్నాడు. "ఆ గడులు... మంచానికీ మంచానికీ మధ్య నడుస్తూ నొక్కుతానండీ. ఏదో ఒకటి నొక్కితే గానీ తెర మీంచి పోవు."

"తెలుసు. పన్నెండుసార్లు."

"లెక్క పెట్టారా?"

"ఆ నీటి పరీక్ష ఫలితం మంగళవారం పదింటిది. అడిగిన డాక్టరు సోమవారమే వెళ్ళిపోయాడు. దాన్ని తెరిచి చూసినట్టు ఇప్పటిదాకా ఎవరి సంతకమూ లేదు. నేను చెప్పగలిగింది ఇంతే. మిగిలింది కాగితం మీద లేదు."

ఫోను పెట్టేస్తున్నానని కూడా చెప్పకుండా పెట్టేశాడు. అమ్మమ్మ గదిలోంచి బయటికి వచ్చి, నన్నూ నా చేతిలో చేటనూ చూసింది. "దారి బాగాలేదు. తొందరగా బయల్దేరు" అంది. ఎందుకు తొందరో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

పదిన్నరకు ఆరో గదిలోకి ట్రే తీసుకెళ్ళాను. డాక్టర్ ప్రిచెట్ చిన్న స్టూలు మీద కూర్చుని రూడీ వీపు మీద స్కానింగు పరికరం ఆనించి తెర వైపు చూస్తున్నాడు. ఆ మనిషి కూర్చోగా చూడడం నాకు అదే మొదలు. ముఖం రూడీ ముఖంకన్నా తెల్లగా ఉంది.

"ఇవాళ ఇంటికన్నావు కదయ్యా" అంటున్నాడు రూడీ, ఆగి ఆగి ఊపిరి తీస్తూ.

"మూడు రోజులుగా ఏం తిన్నారు? నిజం చెప్పండి."

"అన్నీ తిన్నా. ఇదిగో, ఈ పిల్లనడుగు."

డాక్టరు నా వైపు తిరిగాడు. రూడీ కనుబొమ్మలతో బతిమాలుతున్నాడు. వంటగది గోడ మీద రాసింది నాకు గుర్తొచ్చింది. అయితే అది బయట చెప్పకూడదని. డాక్టరు లోపలి మనిషే.

"ఆయన ట్రేలన్నీ మా చెత్తబుట్ట తిందండీ" అన్నాను.

"సైమా మనవరాలివనిపించావు" అన్నాడు రూడీ. అది తిట్టు.

"నాకెందుకు అబద్ధం చెప్పారు?" అన్నాడు డాక్టరు.

"మంచు చూడు బయట. నా బదులు తోలేవాడికి ఆ వంతెన మలుపు తెలీదు. బ్లేడు ఎత్తి పోతున్నాడు. స్కూలు బస్సు పడిందంటే ఎవరిది పాపం?"

డాక్టరు తెర వైపు మళ్ళీ చూశాడు. అక్కడ నీరు నల్లగా సాఫీగా కనబడాలట. తెర మీద గూళ్ళు గూళ్ళుగా, తేనెపట్టులా ఉంది. చీము గదులు కట్టుకుంటోంది, గొట్టం ఒక్కటే చాలకపోవచ్చు, ఛాతీ సర్జను ఉన్నచోటికి పంపాలన్నాడు. నూరు మైళ్ళు. పన్నెండున్నరకు అంబులెన్సు బయల్దేరింది. దారి కనబడడం లేదని కౌంటీ వాళ్ళు దాని ముందు మంచు బండి నడిపారు. లోపల పడుకుని రూడీ, బ్లేడు చప్పుడు విని, కోణం తప్పు పెట్టాడని డ్రైవరును కౌంటీ సరిహద్దు దాకా తిట్టాడట. ఆ మాట అంబులెన్సు మనిషి తర్వాత కో-ఆప్‌లో చెప్పాడు.

ఆ తర్వాత అమ్మమ్మకు అసలు కష్టం మొదలైంది. అతను వేరే ఆసుపత్రి మంచం ఎక్కాడు. ఆ చార్టు తెరిచే హక్కు ఆమెకు లేదు. కాగితం తప్ప ఇంకేదీ నమ్మని మనిషికి కాగితమే లేకుండా పోయింది. ఊళ్ళో ఒకరు ఆపరేషను బల్ల మీదే పోయాడన్నారు. ఇంకొకరు లేచి నర్సుతో పెళ్ళి మాట్లాడుకున్నాడన్నారు. ఆమె రెండూ నమ్మలేదు. కిటికీ తెర జరిపి వీధి చివర ఇంట్లో దీపం ఉందేమో చూసేది. నేను చూస్తున్నానని తెలిసి, "ఆ ఇంటి కప్పు మీద మంచు ఎక్కువైంది, కూలుతుంది" అనేది.

ఆమె చేతికొచ్చింది ఒక్కటే, మా ఆసుపత్రిలో ఆ చార్టు ముగింపు. శుక్రవారం దాన్ని తెరిచింది. సాయంత్రం కాఫీ తాగుతూ, పేరు చెప్పకుండా, నాతో ఇంతమాత్రం అంది: "ఒక డాక్టరు నోటు రాశాడు. ఫలితం మంగళవారం వచ్చింది, నేను గురువారం చూశాను అని రాసుకున్నాడు. మూడుసార్లు చదివాను. మధ్యలో రెండు అక్షరదోషాలున్నాయి. ఎక్కడినుంచీ నకలు తెచ్చింది కాదు." ఆమె నోట అంతకన్నా పెద్ద పొగడ్త నేను వినలేదు. పోయిన క్రిస్మస్‌కి నేను కాల్చిన యాలకుల రొట్టెను "ఎక్కడ కొన్నావు?" అని మాత్రమే అడిగింది.

డార్సీ ఉత్తరం వారంలో వచ్చింది. ఫారం వరస మార్చినందుకు హెచ్చరిక, అడుగున సంతకం పెట్టి పంపమని. అమ్మమ్మ సంతకం పెట్టింది.

రూడీని మార్చి మూడో వారంలో చెల్లెలు కారులో ఇంటికి తెచ్చింది. పాతిక పౌన్లు తగ్గాడు, వీపు మీద మూడు కుట్ల మచ్చలు. కో-ఆప్ కాఫీ బల్ల దగ్గర చొక్కా ఎత్తి అందరికీ చూపించాడు. "ఆ కుర్ర డాక్టరు కనిపెట్టాడయ్యా. కూర్చుని, ఓపిగ్గా చూశాడు. ఇంటికెళ్ళి ఒక్కరోజున్నా పోయేవాడివన్నాడు సర్జను." అమ్మమ్మ పక్క వరసలో కాఫీ పొడి ఏరుతోంది. నేను నోరు తెరవబోతే నా పాదం మీద ఆమె మంచు బూటు పడింది. తీయలేదు, అతను చొక్కా దించేదాకా.

అంతటితో అయిపోయేదే. కానీ ఆ వేసవి అంతా రూడీ పని లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. ఎవరి చార్టు వాళ్ళు అడిగి తెచ్చుకునే హక్కుంది. చదవడానికి ఇంకేమీ లేక తన చార్టు తెప్పించుకున్నాడు. జులైలో ఒక సాయంత్రం రెండు వందల పేజీలు చంకలో పెట్టుకుని మా వరండా మెట్ల దగ్గరికొచ్చాడు. అమ్మమ్మ బఠాణీలు ఒలుస్తోంది.

"సైమా, ఇది నువ్వేనా?" ఒక పేజీ తీసి చూపించాడు. ప్రశ్న, అయిదు గడులు, అడుగున ఎస్. హౌతమాకి.

"ఈ కౌంటీలో హౌతమాకిలు నలభై మంది ఉన్నారు."

"ఎస్‌తో?"

"ఆసుపత్రి కాగితాల సంగతి ఆసుపత్రినడుగు."

"పందొమ్మిదేళ్ళుగా నా మీద అర్జీలు పెట్టిన మనిషివి. నా గురించి రెండుసార్లు అడిగావు. ఎందుకడిగావు?"

"ఎవరో ఏదో అడిగుంటే, కాగితాలు పొసగలేదని అడిగుంటారు. మనిషిని చూసి కాదు."

అతను ఆమెను చాలాసేపు చూశాడు. ఆమె బఠాణీల్లోకి చూస్తూనే ఉంది. అడగకుండానే పై మెట్టు మీద కూర్చున్నాడు. అడగకుండానే నేను కాఫీ తెచ్చాను. ఆమె వద్దనలేదు. చార్టులో తాను మూడు పొద్దులు కుర్చీలో కూర్చుని కడుపారా తిన్నట్టు రాసిన పేజీలు తీసి రూడీ పైకి చదివాడు. చదువుతూ నవ్వాడు, నవ్వుతూ కాఫీ మింగాడు, దగ్గాడు. రెండుసార్లు దగ్గాడు.

అమ్మమ్మ చేతులు ఆగిపోయాయి. కుడి చెవి అతని వైపు తిప్పింది.

"ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"ఇది దగ్గేంటి, కాఫీ అడ్డం పడింది."

"అని డాక్టరు చెప్పాడా, నువ్వనుకుంటున్నావా?"

"నేనే."

"బ్రెన్నా," అంది నన్ను చూడకుండా, "లోపలికెళ్ళి థర్మామీటరు పట్రా."